మందా? మూటా? ‘ఫెహు’ చరిత్రపై ఒక సమీక్ష

జర్మన్ రైతు ‘ఫీ’ అంటే కొట్టంలోని పశువులని అర్థం. ఇంగ్లిష్ వకీలు ‘ఫీ’ అంటే తనకు ముట్టవలసిన పైకమని అర్థం. రాతలో తేడా ఉంది గానీ పలుకులో లేదు. ఐస్లాండ్ వాళ్లు ఈ రెండర్థాలనూ ఒకే మాటలో ఉంచుకున్నారు. అక్కడ గొర్రెల కొట్టం ‘ఫ్యౌర్‌హూస్’, ప్రభుత్వ బడ్జెట్టు ‘ఫ్యౌర్‌లోగ్’. వీటన్నిటి వెనకా ఉన్నది ఒక పాత జర్మానిక్ మాట. ఇంగ్లిష్ ‘ఫీ’ విషయంలో మాత్రం ఒక తగాదా ఉంది, దాన్ని తర్వాత చూద్దాం. ఆ పాత జర్మానిక్ మాట తొలిరూపం ‘ఫెహు’ అని భాషావేత్తలు తేల్చారు. దొరికిన పాత రాతల్లో దానికి పశువులు, సొత్తు, డబ్బు అనే మూడర్థాలూ ఉన్నాయి. వీటిలో ఏది ముందు, ఏది వెనక?

అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది. మొదట మనుషులు పశువులతో బేరాలు చేశారు, తర్వాత నాణేలు వచ్చాయి, మాట మాత్రం పాతదే మిగిలింది. వినడానికి సబబుగానే ఉంటుంది. సాక్ష్యాలను వరసగా పరిచి చూస్తే మాత్రం ఈ మెట్ల వరస నిలబడదు. ఫెహు అంటే మొదటి నుంచీ ‘చరాస్తి’ అనుకుంటేనే ఎక్కువ సంగతులు ఒక దారికి వస్తాయి.

చుట్టరికాలు

ఫెహుకు మన పశువుతో రక్తసంబంధమే ఉంది. సంస్కృతంలో పశు, అవెస్తాలో పసు, లాటిన్‌లో పెకు, పాత ప్రష్యన్‌లో పెక్కు ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టాయి. జర్మానిక్ శాఖలోకి వచ్చేసరికి ‘ప’ స్థానంలో ‘ఫ’, ‘క’ స్థానంలో ‘హ’ వచ్చాయి. డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో ఈ మార్పుల తీరును గుర్తించాడు. యాకోబ్ గ్రిమ్ 1822లో దాన్ని సూత్రబద్ధం చేశాడు. పితృ–ఫాదర్, పాదం–ఫుట్ జంటల్లో కనిపించేదీ ఆ సూత్రమే. కాబట్టి మాటల చుట్టరికంలో ఎవరికీ సందేహం లేదు. తగవంతా అర్థం దగ్గరే.

అర్థం విషయంలో ఈ బంధువులు తలో మాట చెబుతాయి. లాటిన్‌లో పెకు, పెకుస్ అంటే మంద. అదే కుదురులోని పెకూనియా అంటే డబ్బు. పెకూలియం అంటే బానిసో, తండ్రి అధికారం కింద ఉన్న కొడుకో తనదిగా దాచుకోనిచ్చిన సొమ్ము. ఇరానీ శాఖలో ఈ మాట గొర్రెల వైపు మొగ్గింది. కుర్దిష్‌లో పెజ్, ఒసేటిక్‌లో ఫిస్ అంటే గొర్రెలే. వేదంలో పశువు ఎక్కువగా జంతువే. అయినా అథర్వవేదం అయిదు పశువులను లెక్కపెట్టినప్పుడు ఆవు, గుర్రం, మేక, గొర్రెలతో పాటు మనిషిని కూడా చేర్చింది. ఈ చివరి సంగతి తర్వాతి వాదానికి కీలకమైంది.

టాసిటస్ చూసిందీ, గోతులు రాసిందీ

పశువులు ముందన్న వాదానికి పెద్ద బలం రోమన్ చరిత్రకారుడు టాసిటస్. ఆయన సా.శ. 98లో జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వాళ్లకు పశువుల సంఖ్యే గొప్ప అనీ, అదే వాళ్లకు ఏకైక ప్రియమైన సంపద అనీ చెప్పాడు. తప్పులకు జరిమానాలు గుర్రాల్లో, పశువుల్లో కట్టేవారట. హత్యకు పరిహారం కూడా గొడ్లూ గొర్రెలే. పెళ్లిలో వరుడు వధువుకు ఎడ్లను, కళ్లెం వేసిన గుర్రాన్ని, ఆయుధాలను ఇచ్చేవాడట. పురావస్తు తవ్వకాలు ఇందులో కొంత భాగాన్ని సమర్థిస్తాయి. ఉత్తర సముద్ర తీరాన ఫెడర్సెన్ వీర్డె అనే దిబ్బమీది ఊరిని 1955–63 మధ్య వెర్నర్ హార్నాగెల్ తవ్వినప్పుడు పొడవాటి ఇళ్లు బయటపడ్డాయి. ఒక కొసన మనుషులు, రెండో కొసన గాళ్లలో కట్టేసిన పశువులు, అంతా ఒకే కప్పు కింద. ఇలాంటి ఇంట్లో సంపద అంటే పశువు అనడంలో వింతేమీ లేదు.

అయితే జర్మానిక్ భాషల్లో ఎక్కువ పాఠం మిగిలిన అతి పాత గ్రంథం ఈ మాటను పశువుల అర్థంలో వాడనే లేదు. నాలుగో శతాబ్దంలో బిషప్ వుల్ఫిలా దనూబ్ నది దిగువన ఉన్న గోతులనే జర్మానిక్ తెగ కోసం బైబిల్‌ను అనువదించాడు. దాని ప్రసిద్ధ ప్రతి ఆరో శతాబ్దం తొలినాళ్లలో ఇటలీలో ఊదారంగు తోలు పత్రాల మీద వెండి, బంగారు సిరాలతో రాసినది, ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సలాలో ఉంది. అందులో ‘ఫైహు’ అని రాసి ‘ఫెహు’ అని పలికే ఈ మాట గ్రీకులో వెండి, ఆస్తిపాస్తులు, ధనం అన్న చోట్ల కనిపిస్తుంది. యూదాకు ఇస్తామన్న డబ్బూ ఫైహే, ఏసు దగ్గరికొచ్చి దిగులుగా వెళ్లిపోయిన ధనికుడి ఆస్తీ ఫైహే. డబ్బాశకు, అత్యాశకు కూడా దీంతోనే సమాసాలు కట్టారు. మందల ప్రస్తావన వచ్చినప్పుడు ‘హైర్దా’ లాంటి వేరే మాటలు వాడారు.

దీన్ని ఎంతవరకు నమ్మాలి? మిగిలింది అనువాద గ్రంథం. అందులోనూ కొంత భాగమే. గోతు రైతు తన దొడ్లో ఏ మాట వాడాడో అది చెప్పదు. పైగా టాసిటస్‌కూ వుల్ఫిలాకూ మధ్య గడిచిన రెండున్నర శతాబ్దాల్లో రోమన్ నాణేలు దనూబ్ దాటి లోపలికి పారాయి. ఆ కాలంలో అర్థం మారే అవకాశం లేకపోలేదు. కాబట్టి గోతిక్ సాక్ష్యం మెట్ల వరసను అనుమానించమంటుంది గానీ కూలగొట్టదు.

చట్టాల్లో, రాళ్లమీద

ఇంగ్లండులో ఈ మాట ‘ఫెఓహ్’ అయింది. కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ ఏడో శతాబ్దం తొలి రోజుల్లో ప్రకటించిన ధర్మశాసనం ఇంగ్లిష్‌లో దొరికే తొలి చట్టం. దాని మొదటి నియమంలోనే ఈ మాట ఉంది. దేవుడి ఫెఓహ్‌ను, చర్చి ఫెఓహ్‌ను దొంగిలిస్తే పన్నెండు రెట్లు కట్టాలి. ఇక్కడ పశువనో డబ్బనో విడదీసి చెప్పడం కుదరదు. ఎత్తుకుపోగల సొత్తు ఏదైనా అందులోకి వస్తుంది. ‘బేవుల్ఫ్’ కావ్యంలో ఒక రాజకుమారుడి బాణం గురి తప్పి సొంత అన్నను చంపుతుంది. ఆ చావును కవి ‘ఫెఓహ్ లేని’ పోరు అన్నాడు. అంటే పరిహారంతో తీరనిది. హత్యకు వెల కట్టే సమాజంలో ఆ వెలకు పేరు ఈ మాటే.

ఇటలీలో స్థిరపడ్డ లాంబార్డుల రాజు రోథారి 643లో ఇచ్చిన శాసనం లాటిన్‌లో ఉన్నా ‘ఫాదెర్‌ఫియో’ అన్న సొంత మాటను మార్చకుండా ఉంచింది. పెళ్లినాడు తండ్రి కూతురికిచ్చే సొత్తు అది, మన అరణం లాంటిది. పొలం ఊళ్లోనే ఉంటుంది, అరణం పిల్లతో పాటు వెళుతుంది.

పాత జర్మానిక్ తెగల రూన్ లిపిలో మొదటి అక్షరం పేరు కూడా ఇదే. ఇంగ్లండు, నార్వే, ఐస్లాండ్‌లలో దొరికిన మూడు రూన్ పద్యమాలికలూ దీంతోనే మొదలవుతాయి. మూడూ దీన్ని సంపదగానే చూస్తాయి. ఇంగ్లిష్ పద్యం అది మనిషికి ఊరటే గానీ ధారాళంగా పంచాలంటుంది. నార్వే పద్యం అది బంధువుల మధ్య కలహాలు పెడుతుందంటుంది. స్వీడన్‌లోని గుమ్మార్ప్ రాతిమీద ఒక వీరుడు ఈ రూన్‌ను వరసగా మూడుసార్లు చెక్కించాడు. అక్షరాన్ని మాటగా చదివితే మూడు రెట్ల సిరి అని అర్థం చెప్పవచ్చు. ఆ రాయి 1728 కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో పోయింది, నకళ్లే మిగిలాయి. ఇంగ్లిష్ రూన్ పద్యాల రాతప్రతి కూడా 1731లో కాలిపోయింది. 1705లో జార్జ్ హిక్స్ దాన్ని అచ్చు వేయించి ఉండకపోతే ఈ సాక్ష్యం మనకు దక్కేదే కాదు.

రూన్ల వరసలో చివరి రెండింటిలో ఒకటి ‘ఓథల’. దాని అర్థం తాతల నాటి భూమి. నార్వేలో అలాంటి భూమిపై హక్కును ‘ఓదెల్’ పేరుతో 1814 నాటి రాజ్యాంగం కాపాడింది. అంటే ఆ సమాజానికి ఆస్తి రెండు రకాలు, వాటికి రెండు పేర్లు. మన దస్తావేజుల్లో రాసే స్థిరాస్తి, చరాస్తి అన్న విభజన ఇదే. ఓథల కదలదు, ఫెహు కదులుతుంది. ఈ జంటను పక్కపక్కన పెట్టి చూడకపోతే ఫెహు అర్థం సగమే తెలుస్తుంది.

వైకింగుల కాలంలో ఇదే మాట వ్యాపారంలోకి దిగింది. ఇద్దరు తమ ‘ఫే’ని ఒకచోట పెడితే అది ‘ఫేలగ్’, పెట్టినవాడు ‘ఫేలగి’. డెన్మార్క్‌లోని ఆర్హుస్ దగ్గర ఒక రూన్ రాతిని నలుగురు కలిసి, రాజులు పోరాడినప్పుడు చనిపోయిన తమ ఫేలగి జ్ఞాపకంగా నిలిపారు. కలిసి ఓడెక్కినవాళ్లు, లాభనష్టాలు పంచుకున్నవాళ్లు అలా పిలుచుకునేవారు. ఆ మాటే ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘ఫెలో’ అయింది. ఐస్లాండ్‌లో నేటికీ సంఘానికీ, కంపెనీకీ పేరు ఫేలగే.

మూడు వాదాలు

మొదటి వాదం చాలా పాతది, రోమన్లదే. పెకూనియా అన్న మాట పెకుస్ నుంచి వచ్చిందని వార్రో చెప్పాడు. పశుకాపరుల సంపద మందే కదా అన్నది ఆయన తర్కం. ప్లినీ ఇంకొంచెం ముందుకెళ్లి, రోమ్ రాజు సెర్వియస్ కంచు మీద పశువుల బొమ్మ ముద్రించాడు గనుక డబ్బుకు ఆ పేరు వచ్చిందన్నాడు. ఎద్దు బొమ్మ ఉన్న కంచు దిమ్మలు దొరికిన మాట నిజమే. కానీ అవి సా.పూ. మూడో శతాబ్దానివి. సెర్వియస్ పాలించాడని చెప్పే కాలం ఆరో శతాబ్దం. బొమ్మను చూసి కథ అల్లారనుకోవడమే మేలు.

రెండో వాదం పందొమ్మిదో శతాబ్దపు వ్యుత్పత్తి శాస్త్రానిది. గ్రీకులో ‘పెకో’ అంటే ఉన్ని దువ్వడం, ‘పోకోస్’ అంటే ఉన్ని. ఆ ధాతువే దీనికి మూలమైతే పెకు అంటే మొదట ఉన్ని ఇచ్చే జీవం, అంటే గొర్రె. కుర్దిష్, ఒసేటిక్, ఐస్లాండిక్‌లలో గొర్రె అర్థం మిగలడం దీనికి ఊతం. అయితే ఈ మూడు చోట్లా బతుకు గొర్రెల మీదే ఆధారపడింది. సామాన్యార్థం ఉన్న మాట అలాంటి చోట గొర్రెకు కుదించుకుపోవడం ఎవరికి వారుగా కూడా జరగవచ్చు.

మూడోది ఫ్రెంచ్ భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్ట్ 1969లో ప్రచురించిన వాదం. ఇండో-యూరోపియన్ సమాజాల వ్యవస్థలను పదాల ద్వారా పరిశీలించిన రెండు సంపుటాల గ్రంథంలో ఆయన వరసనే తిప్పేశాడు. పెకు అంటే మొదట సొంత చరాస్తి, తర్వాతే కొన్ని చోట్ల పశువు అన్నాడు. ఆయన ఆధారాలు నాలుగు. గోతిక్ ఫైహులో పశువు లేదు. పెకూలియంలో పశువు లేదు. వేదంలో మనిషి కూడా పశువే. ఇటలీలోని గుబ్బియో కంచు ఫలకాల్లోనూ, అవెస్తాలోనూ ‘మనుషులు–పశువులు’ అన్న జంట పదం ఉంది. అది ఒక ఇంటి యజమాని చేతిలో ఉన్న కదిలే సంపద పట్టీ. బానిసలు కూడా ఆ పట్టీలోని వాళ్లేనన్న చేదు నిజం అందులోనే ఉంది. కాల్వర్ట్ వాట్కిన్స్ 1979లో హిట్టైట్ శాసనాల్లో యుద్ధంలో దోచుకున్నవాటిని మనుషులు, పశువులు, గొర్రెలుగా వరసపెట్టే తీరును ఈ విభజనతోనే పోల్చాడు.

బెన్వెనిస్ట్ వాదాన్ని బలపరిచే ఉదాహరణలు చాలా ఉన్నాయి. గ్రీకులో సంపాదించడం అన్న క్రియ నుంచి పుట్టిన ‘క్టేనోస్’ పశువుగా మారింది. ఇంగ్లిష్ ‘క్యాటిల్’ కూడా మొదట సొత్తే. లాటిన్ ‘కాపితాలే’ నుంచి ఫ్రెంచ్ దారిన వచ్చి తర్వాత గొడ్లకు పరిమితమైంది. ‘క్యాపిటల్’ దాని తోబుట్టువు. ఇండో-యూరోపియన్ కుటుంబం బయట కూడా ఇదే కనిపిస్తుంది. తెలుగు నాట ‘సొమ్ము’ అంటే అంతటా డబ్బు, ఆస్తి, నగ. ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం ‘సొమ్ములు’ అంటే పశువులు. తమిళంలో ‘మాడు’ అంటే పశువు, పాత సాహిత్యంలో సంపద కూడా.

ఎదురు ఉదాహరణలు లేవని కాదు. పాత స్లావ్ భాషలో ‘స్కొతు’ అంటే పశువు, కీవ్ రాజుల ఖజానాకు పేరు ‘స్కొత్నిత్సా’. దానికి దగ్గరి గోతిక్ ‘స్కత్స్’ అంటే నాణెం, జర్మన్ ‘షాట్స్’ అంటే నిధి. ఇక్కడ ఏది ముందో చెప్పడం కష్టం. అంటే మార్పు రెండు వైపులా జరుగుతుంది. పశువు నుంచి డబ్బుకు తప్ప వేరే దారి లేదన్న నమ్మకం మాత్రం తప్పని తేలింది.

భూమికి అంటిన పేరు

ఇప్పుడు మొదట ప్రస్తావించిన తగాదా. ఇంగ్లిష్ ‘ఫీ’ పాత ఇంగ్లిష్ ఫెఓహ్‌కు నేరు వారసు కాదు. ఆ మాట స్కాట్లండ్ వైపు పశువుల అర్థంలో కొంతకాలం బతికి కనుమరుగైంది. నేటి ‘ఫీ’ 1066 తర్వాత నార్మన్ల ఫ్రెంచ్ ద్వారా వచ్చింది. అక్కడ దాని అర్థం ‘ఫీఫ్’, అంటే సేవకు బదులుగా ప్రభువు ఇచ్చిన భూమి. న్యాయశాస్త్రంలో పూర్తి హక్కుతో ఉన్న భూమిని నేటికీ ‘ఫీ సింపుల్’ అంటారు. ఫ్యూడల్ అన్న మాటా ఈ కుదురులోదే.

కదిలే ఆస్తి పేరు కదలని భూమికి ఎలా వచ్చింది? మార్క్ బ్లోక్ 1939–40లో ఫ్యూడల్ సమాజంపై వెలువరించిన గ్రంథంలో దీనికి జవాబు చెప్పాడు. ఫ్రాంకుల భాషలోని ఫెహు ఈ మాటకు మూలం. ప్రభువు తన అనుచరులకు మొదట గుర్రాలు, ఆయుధాలు, బట్టలు ఇచ్చేవాడు. తర్వాత ఆ జీతాన్ని భూమి రూపంలో ఇచ్చినా పేరు మారలేదు. ఆర్చిబాల్డ్ లూయిస్ దీన్ని ఒప్పుకోక సైన్యానికి మేత, తిండి సమకూర్చే ‘ఫోదెరుం’ అన్న మాటను మూలంగా చూపాడు. అలావుద్దీన్ సమర్రాయ్ 1973లో అరబీ ‘ఫై’ అన్న మాటను ముందుకు తెచ్చాడు. యుద్ధం లేకుండా దక్కిన భూమికి, రాబడికి ఇస్లామీయ న్యాయశాస్త్రంలో అది పేరు. ఫీఫ్ తొలిరూపాలు దక్షిణ ఫ్రాన్స్, కాటలోనియాల్లో, అంటే ముస్లిం స్పెయిన్ పొరుగున దొరకడం ఆయన వాదానికి బలం.

సుసాన్ రేనాల్డ్స్ 1994లో మరో కోణం చూపింది. ఫీఫ్ అన్న మాటకు అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఒకే వ్యవస్థ ఉందనుకోవడమే పొరపాటనీ, తర్వాతి న్యాయవాదులు కట్టిన చట్రాన్ని పాత పత్రాలకు తొడిగామనీ ఆమె విమర్శ. ఈ నలుగురిలో బ్లోక్ వాదమే ధ్వనికీ, చరిత్రకూ ఎక్కువ ఇముడుతుంది. అయినా అది రుజువు కాదు, మంచి ఊహ. అది నిజమైతే మన పల్లె బడిలో కట్టే ఫీజుకూ, ఇంటి పశువుకూ మూలం ఒకటే అవుతుంది. ఒకటి ఇంగ్లిష్ దారిన, మరొకటి సంస్కృతం దారిన తెలుగులోకి చేరాయి.

దారులు ఎందుకు చీలాయి

ఒకే మాట జర్మనీలో గొడ్డుగా, ఐస్లాండ్‌లో రెండుగా మిగిలి, ఇంగ్లండులో ఎందుకు కనుమరుగైంది? దీని మీద వ్యుత్పత్తి వాదాలు పెద్దగా దృష్టి పెట్టలేదు. నాకు తోచిన కారణం మాటల మధ్య పోటీ. జర్మన్‌లో చెల్లింపు అన్న అర్థం ఉన్న ‘గెల్ట్’ డబ్బు అయింది, నిధిని ‘షాట్స్’, సొత్తును ‘గూట్’ తీసుకున్నాయి. ఫెహు సంతతికి కొట్టమే మిగిలింది. ఇంగ్లండులో నార్మన్ల రాకతో ‘మనీ’, ‘క్యాటిల్’, ‘చాటెల్’ అన్నీ ఫ్రెంచ్ నుంచి వచ్చి ఫెఓహ్‌కు చోటు లేకుండా చేశాయి. ఐస్లాండ్ సంగతి వేరు. తొమ్మిదో శతాబ్దంలో జనం చేరిన ఆ దీవిలో టంకశాల లేదు. లెక్కలు ఆవు విలువలో, ఉన్ని బట్టలో జరిగేవి. అక్కడి పాత చట్టాల ప్రకారం ఒక ఆవు ఆరు గొర్రెలకు సమానం. మందే బ్యాంకుగా ఉన్న చోట రెండు మాటల అవసరం రాలేదు.

ఎక్కడ తేలింది

మూడు వాదాల్లో బెన్వెనిస్ట్‌దే పైచేయి. కానీ ఆయన చివరి మాటను యథాతథంగా ఒప్పుకోనక్కర్లేదు. చరాస్తి ముందు, పశువు తర్వాత అన్న ఆయన వరస కూడా పాత వరసలాగే ఒక మెట్ల కథే. ఫెడర్సెన్ వీర్డెలో ఒకే కప్పు కింద పడుకున్న వాళ్లకు చరాస్తి, పశువు వేర్వేరు భావనలు కావు. కదిలేవాటిలో విలువైనది పశువే. పెట్టెలో నాణేలు చేరాకే అర్థాన్ని విడదీయవలసి వచ్చింది. అప్పుడు ఒక్కో భాషా తనకు ఖాళీ ఉన్న వైపు మాటను నెట్టింది. ఓథలకు ఎదురు నిలిచే అర్థమే మొదటి నుంచీ స్థిరంగా ఉన్నది. నేలకు అంటుకోనిది, లెక్కపెట్టి మరొకరి చేతికి అప్పగించగలిగినది ఫెహు.

ఈ నిర్ణయం రెండు సందర్భాల్లో వీగిపోవచ్చు. ఉన్ని ధాతువుతో పెకుకు ఉన్న సంబంధాన్ని ధ్వనిపరంగా, రూపపరంగా ఎవరైనా గట్టిగా నిరూపిస్తే గొర్రె వాదం మళ్లీ లేస్తుంది. గోతిక్ కన్నా పాత జర్మానిక్ శాసనం ఏదైనా బయటపడి, అందులో ఈ మాట గొడ్లకు మాత్రమే వర్తిస్తే టాసిటస్ పక్షం బలపడుతుంది. అలాంటివి దొరికే దాకా ఈ మాటకు చరాస్తి అన్న అర్థమే అన్నిటికన్నా తక్కువ చిక్కులతో నిలుస్తుంది.